పచ్చి పురుగులు

సదుం, మంగళవారం

ఈరోజు పట్టుపురుగులు ఏరడంలో తప్పు చేశాను. పండిన పురుగును వెలుతురుకు పట్టి చూస్తే ఒళ్లు పసుపుగా, అద్దంలా ఉంటుంది. దాన్నే గూడు కట్టడానికి చంద్రికలో, అంటే వెదురు అల్లిక చట్రంలో, వేయాలి. పొద్దున నాలుగు గంటలు లాప్‌టాప్ ముందు కూర్చుని లేచానేమో, కళ్లు మండాయి. తట్టలో పురుగులన్నీ ఒకే రంగులో కనబడ్డాయి. అయినా ఏరేశాను.

సాయంత్రానికి చాలా పురుగులు చంద్రికల నుంచి కిందపడి, ఆకు కోసం పాకుతున్నాయి. అత్త చేతికి తగిలాయి.

"ఇన్ని పచ్చివి యాల ఏస్తివమ్మా?"

"తొందరలో చూసుకోలేదత్తా" అన్నాను. అబద్ధం.

మదనపల్లెలో కంటి డాక్టరమ్మ ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి దూరంగా చూడమంది, రెప్పలు ఆర్పుతుండమంది. మరిచిపోకూడదని ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను. అది మోగితే ఆపడానికి ఫోన్ తీస్తాను, తీసినందుకు మెసేజీలు చూస్తాను. మళ్లీ లాప్‌టాప్. కిటికీ అవతల ఎకరా మల్బరీ తోట ఉంది. దాన్ని చూసి ఎన్నాళ్లయిందో! నా తెలివి తగలెయ్య.

కిందపడిన వాటిని తిరిగి ఏరుతుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది మసక.

"పోనీలేమ్మా. నాకు అగపడకపోయినా నీ కండ్లుండాయి కదా, అదే నా ధైర్యం."

అప్పుడు నా వేళ్ల మధ్య ఒక పురుగు ఉంది. బల్బు వెలుతురుకు పట్టి చూస్తున్నాను. పండిందో, పచ్చిదో తెలియడం లేదు.

"ఊఁ" అన్నాను.