కారణం గడి

చిరంజీవి పట్టకారుకి, అమ్మమ్మ ఆశీస్సులు.

నువ్వు అలిగి మీ అమ్మ దగ్గరికి వెళ్ళి నేటికి తొమ్మిది రోజులు. పగిలిన సామాన్ల పుస్తకం తీశాను. ఏడాదిలో కప్పులు ఏడు, గాజు సీసాలు రెండు, తాతయ్య భూతద్దం ఒకటి. 'ఎవరి వల్ల' గడిలో అన్నిచోట్లా నువ్వే. 'కారణం' గడిలో పదిసార్లూ 'అజాగ్రత్త' అని రాశాను. చేతిలో పట్టు నిలవడం లేదన్నావు. నాటకాలాడకు అని నేనంటే, "అంత నటనే వచ్చుంటే సినిమాల్లోకి పోయేదాన్ని, ఈ వాచీల కొట్లో ఎందుకు పడుంటాను?" అన్నావు. పెద్దదానితో అనే మాటేనా? ఇప్పుడు చిటికెన వేలు లేవడం లేదట. సోమవారానికి రా. పదకొండు వాచీలు బల్లమీదే ఉన్నాయి.

అమ్మమ్మ

*

నా తల్లీ,

ఆస్పత్రిలో నన్ను చూసి గోడవైపు తిరిగావు. అందుకే రాస్తున్నాను.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. మణికట్టు కీలు లోపల పలచటి పొర ఉంటుందట. అది వాచి, వేళ్ళను పైకి లేపే తాళ్ళలాంటి టెండన్లను నెలల తరబడి కొరుక్కుతిన్నది. ముందు చిటికెన వేలిది తెగింది, తర్వాత ఉంగరం వేలిది. తెగినప్పుడు నొప్పైనా ఉండదట. పక్కవేలి తాడుకు కలిపి కుట్టారు. వేళ్ళు కొంత లేస్తాయి. "వాచీ పని?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. వెంట్రుకంత స్ప్రింగును వణక్కుండా పట్టుకుంటావనే కదా తాతయ్య నీకు పట్టకారని పేరు పెట్టింది!

"ఎప్పుడు మొదలైందో గుర్తుందామ్మా?" అంది. తారీఖులతో సహా ఉన్నాయి. పుస్తకం ఇచ్చాను. మొదటి కప్పు దగ్గర వేలు పెట్టి, "పట్టు తప్పింది ఇక్కడే. అప్పుడే తీసుకొచ్చుంటే మందులతో ఆగేదేమో" అంది. పేజీ తిప్పుతూ, "జబ్బు గురించి ఇంత వివరంగా ఎవరూ రాసి తీసుకురారు" అని మెచ్చుకుంది కూడా.

వాచీలన్నీ ఎవరివి వాళ్ళకు బాగుచేయకుండానే తిరిగిచ్చేశాను. బల్లమీది దీపం తీసేశాను.

రాసింది కొట్టేసే అలవాటు నాకు లేదు. పది పద్దులూ అలాగే ఉన్నాయి. వాటి కింద ఇవాళ పదకొండోది రాశాను. వస్తువు: మనవరాలి కుడిచెయ్యి. కారణం: అజాగ్రత్త. 'ఎవరి వల్ల' గడిలో నా సంతకం చేశాను.

నువ్వు జవాబు రాయలేవని తెలిసే రాస్తున్న,
నీ అమ్మమ్మ