ఓడెక్కిన మామిడి తొక్కు

3 మార్చి 1957, తాండూరు

ఆయన ఈరోజు దుకాణం పెందలాడే మూసి వచ్చారు. బొంబాయి నుంచి బావగారు దిగారు మరి. ఆయన అన్న. ఓడలకు సరుకెక్కించే ఏజెంటు దగ్గర గుమాస్తా. మొంబాసాలో ఒక గుజరాతీ సేటుకు మన ఊరగాయ తొక్కులూ షర్బత్‌లూ కావాలట. అక్కడ రైల్వేలో పనిచేసే మనదేశం వాళ్లు ఎంతోమంది... మొదటి సరుకు నచ్చితే ప్రతి ఓడకూ అడుగుతాడట.

అన్నదమ్ములిద్దరూ కంచాల ముందే ఆఫ్రికా దాకా పోయి వచ్చారు. చేతులు ఎండిపోయాయి. నాకు నవ్వాగలేదు. అత్తమ్మ నవ్వలేదు.

4 మార్చి

అత్తమ్మ వద్దంది. తన చేతి తొక్కు సముద్రం దాటడమేమిటని. ఎవరు తాకుతారో, ఎక్కడ పెడతారో.

ఆయన పొద్దంతా తల్లి వెనకే — వంటింట్లోకి, పెరట్లోకి, మళ్లీ వంటింట్లోకి.

7 మార్చి

ఒప్పుకుంది. కొడుక్కి కారణం చెప్పలేదు. బియ్యం చెరుగుతూ నాతో అంది: "గంత దూరం పోయినోళ్లకు అన్నంల కలుపుకునేతందుకు ఏముంటది పాపం."

19 మార్చి

గోలీ సోడా కూడా పంపుదామంటారు ఈయన. ఓడ ఊగితే గోలీలు జారి సోడా అంతా సముద్రం పాలే అన్నాను. అలిగారు. అన్నం తిన్నాక నిమ్మ షర్బత్ చాలన్నారు.

26 మార్చి

రేకు డబ్బాలైతే పగలవని బావగారి సలహా. నిరుటి తొక్కు కొంచెం పోసి చూశాం. ఇవాళ మూత తీస్తే అడుగంతా నలుపు. పులుపు రేకును తినేసింది. గాజు సీసాలే గతి.

2 ఏప్రిల్

షర్బత్ సీసాలను చెక్కపెట్టెలో సర్ది, మధ్యన పల్లీ పొట్టు పోసి, ఎడ్లబండి మీద బషీరాబాద్ దాకా తిప్పి తెచ్చారు. ఆ రాళ్లదారికి ఓర్చుకున్న సీసా సముద్రానికి భయపడుతుందా అని ఆయన ధీమా. ఒకటి పగిలింది. పంచె మీద షర్బత్, షర్బత్ మీద చీమలు. బజారు మధ్యలో నుంచి అట్లాగే నడిచి వచ్చారు.

నేను నీళ్లు పోస్తుంటే మెల్లగా అంటారు — ఒక్కో సీసాకూ గడ్డి చుట్టాలి, తెలిసొచ్చింది. ఎంత ముద్దొచ్చారో. కాగితానికి తప్ప ఎవరికి చెప్పను.

21 ఏప్రిల్

వికారాబాద్ ప్రెస్సు నుంచి చీటీలు వచ్చాయి. సీసాల మీద అంటించేవి. "సత్తెమ్మ మామిడి తొక్కు" — అత్తమ్మ పేరే. ఆయన ముందుగా ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మకు చదువు రాదు. ఏది 'స' అని అడిగింది. చూపించాను. వేలితో నిమిరింది. కాసేపటికి వచ్చి మళ్లీ అడిగింది.

9 మే

కాయలు వచ్చాయి. అమ్మినామె సగం కన్నడం, సగం తెలుగు. అత్తమ్మ ఒక్కో కాయనూ నొక్కి, టెంక ముదిరిందో లేదో చూసి తీసింది. ఇల్లంతా పులుపు వాసన. నరికి, తుడిచి, ఆరబెట్టి... నడుము పడిపోయింది.

10 మే

ఏం రాయాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం నూనె కాగుతోంది. నేను పెరట్లో ఉన్నాను. ఎల్లిపాయలు మాడిన వాసన అక్కడికే వచ్చింది. పరుగెత్తాను. అత్తమ్మ పొయ్యి ముందే కూర్చుని ఉంది. కలుపుతూనే ఉంది. నల్లగా మాడిపోయాయి, పొగ. ఆమెకేమీ తెలియడం లేదు.

గిన్నె దించాను. నా ముఖం చూసింది. ఇక దాచలేదు.

"చలికాలం జ్వరమొచ్చి పోయింది సూడు. గప్పటిసంది వాసన లేదు, రుచి లేదు. ఏం తిన్నా మన్ను తిన్నట్టే ఉన్నది. వానికి చెప్పకు బిడ్డా."

అందుకే కాబోలు, ఇన్నాళ్లూ కూర దించేముందు నన్ను రుచి చూడమనడం. కోడలికి పని నేర్పుతోందనుకుని మురిసిపోయాను. ఇంట్లో ఆమె కంటే ముందు ఉప్పు చూసినవారు లేరు ఇదివరకు.

11 మే

తొక్కు మానేద్దామని నేనే అన్నాను, ఆమెకు ఒంట్లో బాగాలేదని ఆయనకు చెప్పి. అత్తమ్మ ఒప్పుకోలేదు. చీటీల కట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. పేరు తనది. ఉప్పు తగ్గితే దారిలోనే బూజు పడుతుంది, ఓడ దిగేసరికి కొడుకు పరువు పోతుంది. తనకు భయంగా ఉందని కూడా అంది. ఆమె నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"చెయ్యి నాది. నాలిక నీది. ఇద్దరం కలిస్తే ఒక్క మనిషి కామా?"

12 మే

తలుపు దగ్గరకు వేసుకుని కలిపాం. తొక్కుకు దిష్టి తగులుతుందని ఆయనకు చెప్పాం. నమ్మారు.

కారం, ఆవపిండి, మెంతిపిండి... ఆమె వేస్తుంది, నేను నాలుక మీద పెట్టుకుంటాను. ఉప్పు దగ్గర పేచీ. చాలన్నాను నేను. ఇంకో పిడికిలి అంటుంది ఆమె. నా నాలుక చాలంటోంది. ఆమె చెయ్యి చాలదంటోంది. ఏ వాసనా రుచీ తెలియని మనిషి మాట వినాలా?

వేయమన్నాను.

తర్వాత చూస్తే కటికఉప్పు. ఊరనియ్యమంది. అంతే.

మూతలకు లక్క కరిగించి పోశాం. నూనె కారకూడదు. వేళ్లు కాలాయి, ఇద్దరివీ.

20 మే

పెట్టెలు రైలెక్కాయి. తొక్కువి, షర్బత్‌వి. వాడి జంక్షన్ మీదుగా బొంబాయి. అత్తమ్మ స్టేషన్‌కు వస్తానంది. ఎన్నడూ రాని మనిషి. హమాలీలు పెట్టెలెత్తుతుంటే "జర పయిలంగ అయ్యా, అండ్ల సీసలున్నయి" అని ప్రతివాడికీ చెప్పింది. ఒకతను, నీకంటే ఎక్కువ పయిలంగ పెడుతున్నమవ్వా అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెప్పుకుంది.

8 జూన్

ఓడ బయల్దేరిందని బావగారి కబురు. వానగాలులు మొదలయ్యాయట, ఓడ బాగా ఊగుతుందట. ఆ మాట ఆయన తల్లికి చెప్పలేదు. ఆమెకు నేను చెప్పాను. ఈమధ్య మాకు చాటు లేదు.

13 జూన్

"గిప్పుడు యాడ దాకా పోయుంటది?"

నాకేం తెలుసు. నీళ్ల మధ్యన ఉంటుందన్నాను. చుట్టూ నీళ్లేనా అంది అత్తమ్మ. చుట్టూ నీళ్లే. బషీరాబాద్ రాళ్లదారే నయమంది.

22 జూన్

ఇంటికని ఉంచిన జాడీ తెరిచాం. వేడన్నంలో కలిపి మొదట ఆయనకే పెట్టాను. ఇద్దరం ఆయన నోటినే చూస్తున్నాం. ఏమిటట్లా చూస్తారు అన్నారు. రెండోసారి వడ్డించమన్నారు.

నేను తిన్నాను. కటికఉప్పు ఎటు పోయిందో... ముక్క తాగేసింది. సరిగ్గా ఉంది. నా నాలుకతో ఆగిపోయి ఉంటే చప్పబడేది.

అత్తమ్మకు చెప్పాను. తలూపి లేచి వెళ్లింది. పెరట్లోకి వెళ్తే కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. తను మాత్రం ఒక ముద్దయినా రుచి చూడలేదు కదా. పక్కన కూర్చున్నాను.

6 జూలై

ఓడ మొంబాసా చేరిందట. పెట్టెలు దించారట. సీసాలెన్ని నిలిచాయో, సేటు ఏమన్నాడో — ఆ సంగతి రాలేదు. దుకాణంలో ఆయన మాటిమాటికీ బయటికి చూస్తున్నారట.

15 జూలై

ఏ కబురూ లేదు.

24 జూలై

కబురు లేదు. ఆయన మాత్రం నిమ్మకాయలు తెచ్చి గుమ్మరించారు. సేటు అడిగితే అప్పుడు వెతుక్కుంటామా అంటారు. అడగకపోతే మనమే తిందామంటారు.

ముక్కలు కోశాం. ఉప్పు గిన్నె నా వైపు జరిపింది అత్తమ్మ. ఈసారి చెయ్యి కూడా నాదేనట. నా చేతికేం తెలుసు అన్నాను. తన చేతికి మాత్రం పుట్టుకతో తెలుసా అంది.

పిడికిలి నింపాను. తన రెండు చేతులతో నా పిడికిలిని పట్టుకుని చూసింది, పైనా కిందా. నా వేళ్లను కొంచెం విప్పింది. కొద్దిగా ఉప్పు రాలింది. మళ్లీ మూసింది.

"ఇగ పొయ్యి బిడ్డా."

పోశాను. ఎక్కువో, తక్కువో... ఊరితే గాని తెలియదు.

బయట వాన. ఆయన ఇంకా రాలేదు.