పులికి విశేషణాలు అడిగినందుకు

చంద్రపూర్,
ఆదివారం.

లక్ష్మీసమానురాలైన మా సుజాతక్కకు తమ్ముడు నవీన్ ఇంత దూరం నుంచే కాళ్ళకు మొక్కి రాయునది.

నువ్వూ, బావా, చిన్నీ, అమ్మా అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. నిజంగా బాగానే ఉన్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు, కాళ్ళూ చేతులూ పూర్తి సంఖ్యలో ఉన్నాయి. ఈ చివరి ముక్క ఎందుకు రాశానో కింద తెలుస్తుంది. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, నా గొంతు వినగానే నువ్వు పసిగట్టేస్తావు, పక్కనే అమ్మ ఉంటుంది. కాగితంలో వణుకు వినబడదు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు మధ్య భాగం మింగేయి.

ఇక్కడి ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఉతికి ఆరేసిన చొక్కా నిమిషాల్లో ఎండుతుంది, ఆ వెంటనే బొగ్గు ధూళి పట్టి మళ్ళీ ఉతకమంటుంది. పొద్దున ఎర్రటి కారం రసం పోసిన అటుకులు తింటున్నాను. మొదట్లో కళ్ళనీళ్ళు వచ్చేవి, ఇప్పుడు ముక్కునీళ్ళతో సరిపోతోంది. అద్దెకున్న ఇంటి లచ్చవ్వ మనవాళ్ళే. ఆమె భర్త గని పని కోసం ఎప్పుడో కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వచ్చిన మొదటి సాయంత్రమే ఆమె నన్ను గుమ్మంలో ఆపింది.

"సారూ, పొద్దుగూకినంక బయట తిరగకు. పెద్దాయన తిరుగుతుండు."

"ఏ పెద్దాయన అవ్వా? మీ ఇంటాయనా?"

"మా ఇంటాయన మంచంల గుర్రు కొడుతుండు. నేను జెప్పేది అడవిలాయన ముచ్చట. మొన్న కాలనీ గోడ పక్కపొంటి పోయిండట."

"పులా?"

"అగో! పేరు తియ్యకు బిడ్డా. పేరు తీస్తే పిల్సినట్టే."

ఎమ్మే ఇంగ్లీషు చదివినవాణ్ణి కదా, నవ్వాను. ఆ నవ్వు నాకెంత ఖర్చయిందో విను.

ఇక్కడి బళ్ళో నా ఇంగ్లీషు మాస్టరు ఉద్యోగం మొన్నటిదాకా గట్టిపడలేదని నీకు తెలుసు. చేరిన నెల తర్వాత ప్రిన్సిపాల్ కాళే మేడమ్ తరగతి వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటుంది. నచ్చితే ఉంచుకుంటుంది, నచ్చకపోతే కాగజ్‌నగర్ వైపు వెళ్ళే రైలు చూపిస్తుంది. "ఏందిరా బామ్మర్దీ, ఎమ్మే చేసి ఇంట్ల కోళ్ళకు గింజలేస్తవా?" అని బావ అడిగిన రోజు నుంచి ఆ రైలంటే నాకు గుబులు. మొన్న గురువారం ఆవిడ వచ్చి కూర్చుంది. ఆరో తరగతి. పాఠం విశేషణాలు.

బాగానే మొదలుపెట్టానక్కా. తెలుగులో "పాత పెద్ద నల్ల గొడుగు" అన్నా, "నల్ల పాత పెద్ద గొడుగు" అన్నా గొడుగు తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో అలా కుదరదు, విశేషణాలు పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు వరుసగా కూర్చోవాలి. ముందు అభిప్రాయం, ఎందుకంటే అది మేనత్తలాంటిది, ఎవరూ పిలవకపోయినా మొదటి విస్తరి ముందు కూర్చుంటుంది. తర్వాత పరిమాణం, ఆ తర్వాత వయసు. రంగు మాత్రం పెళ్ళికూతురు లాంటి నామవాచకం పక్కనే, తోడుపెళ్ళికూతురిలాగా. పిల్లలు నవ్వారు. మేడమ్ పెన్ను ఏదో మంచి మాట రాస్తున్నట్టే కదిలింది.

అప్పుడు నా తెలివి తెల్లారింది. ఊరంతా గోడల మీద పులి బొమ్మలే కదా, పిల్లలు ఎగిరి గంతేస్తారనుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో "టైగర్" అని రాశాను. "దీని ముందు విశేషణాలు పెట్టండి, చూద్దాం!"

ఒక్క చెయ్యి లేవలేదు. రోజూ గోల భరించలేక నేను చెవులు మూసుకునే తరగతి అది. మాటలు తట్టలేదేమో అనుకుని నేనే అందించాను: "బిగ్? హంగ్రీ? గట్టిగా చెప్పండి!" ముందు బెంచీ పిల్లాడు మరాఠీలో గొణిగాడు: "సర్, నావ్ ఘేవూ నకా." పేరు తియ్యొద్దని. రెండో బెంచీలో రేణుక అనే పిల్ల బల్ల మీద తల ఆనించేసింది. పక్కనున్న పిల్ల లేచి తెలుగులో చెప్పింది:

"సార్, దీని నాయినమ్మ పోయినేడు ఇప్పపూలు ఏరవోయింది. మల్ల రాలే."

ఇది ఇప్పపూల కాలమే అక్కా. అడవి అంచు బస్తీల వాళ్ళు తెల్లవారకముందే పూలకు వెళతారు, వంగి ఏరుకుంటారు. ఈ రోజుల్లో ఆ పేరు ఎవరూ నోట పలకరు. బాట పక్కన సింధూరం పూసిన రాయిని వాఘోబా, అంటే పులిదేవుడు, అని మొక్కి, దాటిపోతారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసింది ఒక్కటే, వెనక పెన్ను ఆగిపోయింది.

బోర్డు తుడిచేశాను. ఇంకేమీ తోచక "టీచర్" అని రాశాను. "నా మీద చెప్పండి. ఏదైనా సరే, నేను ఏమీ అనను."

రేణుక తల ఎత్తింది. "స్కేర్డ్," అంది.

తరగతి పగలబడి నవ్వింది. ఆ తర్వాత వాళ్ళను ఆపలేకపోయాను. ఒకడు థిన్ అన్నాడు, ఇంకొకడు యంగ్ అన్నాడు. చివరికి "ఎ స్కేర్డ్ థిన్ యంగ్ తెలుగు టీచర్" అని బోర్డు మీద నిలబడ్డాను. వరుస తప్పలేదు, అబద్ధమూ లేదు.

మేడమ్ ఆఫీసుకు పిలిచి, ఉద్యోగంలో ఉండిపొమ్మంది. నా సంతోషం పూర్తికాకముందే ఇంకో మాట చెప్పింది. రేణుక వాళ్ళ బస్తీ పిల్లలు పొద్దుటి బడికి అడవి బాటన నడిచి వస్తారు. ఈ కాలంలో వాళ్ళను తీసుకురావడానికి మాస్టర్లు వంతులవారీగా వెళతారు. కొత్తవాడిది మొదటి వంతు, అదీ ఎండాకాలం సెలవుల దాకా.

నిన్న వెళ్ళాను. పద్ధతి ఏమిటంటే, గుంపుగా నడవాలి, ఆగకుండా చప్పుడు చెయ్యాలి. అందరూ గిన్నెలు మోగిస్తారట. మా పిల్లలు మాత్రం మేం పాఠం అరుస్తామన్నారు. "బ్యూటిఫుల్! బిగ్! ఓల్డ్! బ్లాక్!" అని అడవి దద్దరిల్లేలా నడుస్తున్నాం. నాకూ కాస్త ధైర్యం వచ్చింది. మలుపు తిరగగానే అందరి గొంతులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. దుమ్ములో ఒక పంజా ముద్ర. నా అరచేతి కంటే పెద్దది, అంచులు ఇంకా చెదరలేదు. ఎక్కడా పిట్ట కూడా కూయలేదు. నేను అక్కడే నిలబడిపోయాను.

రేణుక నా చొక్కా గుప్పిట పట్టుకుంది. "సార్, ఆగొద్దు. అరువుండ్రి."

అరిచాను. "బ్లాక్! ఓల్డ్! బ్యూటిఫుల్! బిగ్!" నోటికి వచ్చింది వచ్చినట్టు. పిల్లలు నేను ఎలా అరిస్తే అలాగే అరిచారు. బడి గేటు దాకా అదే తప్పు వరుస. ఒక్కరూ దిద్దలేదు.

రాత్రంతా ఆ ముద్రే కళ్ళ ముందుంది. పొద్దున సంచీ సర్దడానికి కూర్చున్నాను కూడా. లచ్చవ్వ చూసి, చాయ్ పెట్టి వెళ్ళింది. రేపు తెల్లవారగానే వాళ్ళు బస్తీ చివర నిలబడి ఉంటారు. నేను వెళ్ళకపోతే కాసేపు చూసి, నేను లేకుండానే ఆ మలుపు వైపు బయలుదేరతారు. అది తలుచుకుంటే ఆ ముద్రను చూసినప్పటి కంటే ఎక్కువ భయమేసింది. బట్టలు మళ్ళీ దండెం మీద వేశాను.

నా పాత క్యాన్వాస్ బూట్లు అటకమీద ఉన్నాయి, ఎవరైనా ఇటు వస్తే పంపించు. ఇక్కడ కొన్న చెప్పులు అడుగడుగునా జారుతున్నాయి. చింతపండు కూడా కాస్త పెట్టు. అమ్మ పాదాలకు నా నమస్కారాలు. బావకు ఉద్యోగం గట్టిపడిందని మాత్రమే చెప్పు. చిన్నికి ముద్దులు. ప్రతి పొద్దునా దీపం ముందు నిలబడినప్పుడు నా పేరుతో పాటు ఆ పిల్లలందరి పేరునా ఒక దండం పెట్టు.

నీ దీవెన మీద నడుస్తున్న తమ్ముడు,
నవీన్