డేటాబేసుకు శ్రీకారం

నాయినా,

నువ్వు పోయి ఏడాదైంది. అయినా నీ పని నన్ను ఇడుస్తలేదు.

నిన్న తాండూర్ బండల పాలిషింగ్ సేటు పాత కంప్యూటర్ పట్టుకొని వికారాబాద్‌ల నా కంప్యూటర్ల దుకాణానికొచ్చిండు. "మీ నాయిన రాసిన ప్రోగ్రాం ఆగిపోయింది బిడ్డా. నా సరుకు వివరాలన్నీ అండ్లనే ఉన్నయ్. జర కొత్తదాంట్లకు మార్చు" అన్నడు.

ఫైల్ మొదటి అక్షరాలు చూసి అది ఏ రకం డేటాబేసో చెప్పే కోడ్ నా దగ్గరున్నది. మస్తు ధీమాగ నడిపిన. "ఇది డేటాబేసే కాదు" అన్నది. సేటు మొకం తెల్లబడ్డది.

పొద్దుమూకె దాక కోడ్‌ను తిట్టిన. ఆఖరికి ఫైల్‌ను నేనే తెరిచి చూస్తే అన్నిటికన్న ముందు "శ్రీ"! నీ ప్రోగ్రాం పెట్టింది.

కిరాణా చీటీకి సుత శ్రీ పెట్టెటోనివి, సరే. డేటాబేసుకు పెడ్తరా? అదేమన్న పెండ్లి పత్రికనా?

శ్రీ కనపడితే దాటి చదువుమని కోడ్‌కు చెప్పిన. సరుకంత బయటికొచ్చింది. సేటు నవ్వుకుంట పోయిండు.

నేను రాసిచ్చిన కొత్త ప్రోగ్రాంకు శ్రీ అక్కరలేదు. అయినా ఫైల్ మొదట్ల పెట్టేటట్టు రాసిన. నా తర్వాత దాన్ని తెరిచెటోళ్లు పొద్దుమూకె దాక మనిద్దర్ని తిట్టుకోనీ.