గేటు దగ్గర ఆగిన ఇంజను

ఏవండీ,

మన అమ్మాయి కారు కొంది. మీరు పోయాక నిన్ననే మొదటిసారి దాన్లో పెనుగొండ గుడికి వెళ్ళాను. ముందు సీటు ఖాళీగానే ఉంది, అయినా అలవాటుగా వెనక కూర్చున్నాను.

వచ్చేటప్పుడు రైలు గేటు పడింది. కారు ఆగగానే ఇంజను కూడా ఆగిపోయింది.

“పాడైపోయిందేంటే?” అన్నాను కంగారుగా.

“లేదమ్మా, పెట్రోలు వృథా కాకుండా అదే ఆగుతుంది, మళ్ళీ అదే స్టార్టవుతుంది.”

నవ్వొచ్చిందండీ. మీరూ గేటు కనబడగానే మోటారు సైకిల్ ఇంజను ఆపేసి, ఉన్న ఊపుతోనే అక్కడిదాకా వచ్చేవారు. వెనక కూర్చున్న నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. “ఎంత గొప్ప కారైనా మన బండంత మైలేజీ ఇస్తుందేంటి?” అనేవారు. ఇప్పటికీ ఇవ్వదటండీ, అమ్మాయే ఒప్పుకుంది. “నలుగురం ఎక్కితే మాత్రం కారే నయం” అని వెంటనే ఓ మెలిక పెట్టింది. అచ్చం మీ పోలికే.

బండి నడుస్తున్నప్పుడు ఆ చప్పుడుకి మీ మాట ఒక్కటీ వినపడేది కాదు. ఇంజను ఆపాకే కబుర్లు మొదలుపెట్టేవారు, నేను వెనక నుంచి ముందుకు వంగి వినేదాన్ని. పైకి విసుక్కునేదాన్ని గానీ, గేటు పడితే బాగుండునని నాకూ ఉండేది.

నిన్న కారులో చప్పుడు ఆగింది కదా, నాకు తెలియకుండానే ముందుకు వంగాను.

“ఏంటమ్మా?” అంది అమ్మాయి.

ఏం లేదన్నాను. రైలు వెళ్ళేదాకా అలాగే వంగి కూర్చున్నాను.