పదకొండో పేరు పోలమ్మక్కది

శుక్రవారం, అన్నం తిన్నాక.

గూడూరు బాస్కెట్‌బాల్ కోర్టు గోడమీద, మన వైపు నుంచి జీతానికి ఆడిన ఆడోళ్లలో గొప్పోళ్లు పదిమంది పేర్లు రాయిస్తున్నారంట. వాళ్లతో కలిసి ఆడిన మా పోలమ్మక్క పేరు లేదు.

"కొంచెంలో తప్పిందన్నా, పదకొండో పేరు అక్కదే. వేసిన పాయింట్లు తక్కువ" అన్నాడు క్లబ్బు సెక్రటరీ.

"మరి వాళ్ల చేతికి బంతి అందించింది మీ తాతా?" అన్నాను.

మా రేవులో వల లాగితే తాడు పట్టిన ప్రతి చేతికీ చేపల్లో వాటా ఉంటుంది. వీళ్లకి చివర్లో బుట్టలో వేసిన చెయ్యే కనిపిస్తాది.

అక్క చేపలు కోస్తా నవ్వింది. "వదిలెయ్ రా, గోడ నాకు అన్నం పెడతాదా?" ఆ నవ్వే నన్ను పొడుస్తా ఉంది.

ఆ సెక్రటరీ మ్యాచ్‌ల్లో ఊదే ఈల దాచి ఎన్నోసార్లు ఏడిపించినాను. ఈసారి ఎగతాళి కాదు. ఆదివారం పేర్లు రాసేముందు పాతోళ్ల మ్యాచ్ ఉంది. అక్కని బెంచీమీద కూర్చోబెడతాను. ఆ పదిమందే "పోలమ్మా, నువ్వొచ్చి బంతియ్యి" అని అరిచేదాకా లేవనియ్యను. అరుస్తారు.

మోకాళ్ల నొప్పులని అక్క అసలు రాకపోతే... సరే, మా రేవు పడవలన్నిటికీ పేర్లు రాసింది నేనే. ఆ గోడొక లెక్కా?