మెట్ల మీద మనిషి

జూలై 3
బడిలో పాఠాలు చెప్పింది చాలదన్నట్టు మా అమ్మాయి సాయంత్రాలు పిల్లల్ని మన ముందుగదిలో కూర్చోబెట్టి కథ చదివిస్తోంది. రాజు మాట్లాడినప్పుడల్లా ఊరంతా చప్పట్లు కొట్టాలట. ఒక దర్జీ కొట్టడట. తప్పు రాజుదా, చప్పట్లు కొట్టేవాళ్ళదా అని అడిగింది. పిల్లలు ఒకటే వాదించుకున్నారు. గొంతు తగ్గించవే అన్నాను. కథేగా అంది.

జూలై 5
పైవాటా ఆయనది గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం. క్లాసు మొదలయ్యే వేళకి దిగొచ్చి మెట్ల మీద ఆగి చెప్పులు సర్దుకుంటాడు. చెప్పులు సర్దుకోవడానికి అంతసేపా?

జూలై 6
ఇవాళా ఆగాడు.

జూలై 9, సాయంత్రం
మన ఊళ్ళో రూల్స్ ఎవరు పెడతారు, నచ్చకపోతే ఏం చెయ్యాలి అని అమ్మాయి పిల్లల్ని అడిగింది. రెండు జడల పిల్ల లేచి, మన హెడ్మాస్టరుకి మనమూ చప్పట్లు కొడతాం కదా టీచర్ అంది. అందరూ నవ్వారు. మెట్ల మీద కూడా ఎవరో నవ్వారు. అమ్మాయి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇల్లు నడిచేది దాని జీతంతోనే. చెప్పబోతే, నీకన్నీ అనుమానాలే అంటుంది.

జూలై 10
అమ్మాయి క్లాసులో ఉండే పీరియడ్ చూసుకుని బడికి వెళ్ళాను. పైవాటా ఆయన చాడీలు మోసేలోపు మనమే చెప్పుకుంటే మంచిది కదా. హెడ్మాస్టరు కుర్చీ వేయించాడు. మర్యాదస్తుడు. ఎవరేం చెప్పినా నమ్మొద్దు బాబూ, ఆ చప్పట్ల కథ మా అమ్మాయి మిమ్మల్ని ఉద్దేశించి చెప్పడం లేదు అన్నాను.
"ఏ కథమ్మా?" అన్నాడు.

జూలై 12
క్లాసు లేదు. బడిలో ఆపేయమన్నారట. సంజాయిషీ రాసిమ్మన్నారట. వచ్చే ఏడాది ఉంచుకునేదీ లేనిదీ తర్వాత చెప్తారట. ఎవరు చెప్పి ఉంటారు అంది అమ్మాయి. నేను మెట్ల వైపు చూశాను.

జూలై 13
పైవాటా ఆయన తలుపు కొట్టాడు. క్లాసులు ఎందుకు ఆగాయని అడిగాడు. రోజూ మెట్ల మీద నిలబడి వినేవాడట. పిల్లల మధ్య వచ్చి కూర్చోవడానికి మొహమాటమట.
"ఇంతకీ ఆ దర్జీ ఏమయ్యాడండీ?"
అమ్మాయి నా వైపు తిరిగింది.
"మొన్న బడికి ఎందుకొచ్చావమ్మా?"
ప్యూను చూశాడట.

జూలై 14
అన్నం పెట్టింది. తన కంచం తీసుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

జూలై 16
అమ్మాయి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. మంచినీళ్ళు ఇద్దామని వెళ్ళాను. నన్ను చూసి గొంతు తగ్గించింది.